అమెరికా మందు

నేను మందుల షాపులో పనిచేస్తాను. అల్ మన్సూరాలో మేముండే ఫ్లాటుకి రెండు వీధుల అవతల ఒక పాలీక్లినిక్ ఉంది. దాని కింది అంతస్తులో ఫార్మసీ. పదకొండేళ్ళుగా అదే కౌంటరు. రోజుకి ఒకరైనా ఇండియా నుంచి తెచ్చుకున్న మందు నా ముందు పెట్టి "ఇది ఇక్కడ ఫరవాలేదా మేడమ్" అని అడుగుతారు. దగ్గు మందు, నొప్పి బిళ్ళ, నిద్ర బిళ్ళ. మన ఊళ్ళో అడగ్గానే చేతిలో పెట్టేవి కొన్ని ఖతర్లో జైలుకి పంపిస్తాయి. గసగసాలు కూడా తేకూడదు. ఆ ముద్ద లేకుండా కూర వండడం నేను వచ్చిన మొదటి ఏడే నేర్చుకున్నాను. ఇంతమందికి ఇన్ని జాగ్రత్తలు చెప్పేదాన్ని, అలాంటి డబ్బా ఒకటి నా ఇంట్లోనే నాలుగు రోజులుంది.

తెచ్చింది మా అక్క. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉంటోంది. విజయవాడ వెళ్ళి నెలరోజులుండి, తిరిగి వెళ్తూ దారిలో నా దగ్గర నాలుగు రోజులు ఆగింది. మా ఆయన రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు ఆపరేటరు. ఆ వారం ఆయనకి వరసగా డ్యూటీలు పడ్డాయి, అక్కడే క్యాంపులో ఉండిపోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

అక్క వచ్చిన రెండో రోజు పొద్దున బాత్రూమ్‌లో టూత్‌పేస్ట్ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. మీద నారింజ పండు బొమ్మ. లోపల పంచదార అద్దిన జెల్లీలు, పిల్లలు తినేవాటిలాగే ఉన్నాయి. డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివాను. చదవడం నా పని కాబట్టి చదివాను. ఇంకొకరైతే చదవరు.

"ఇదేంటక్కా?"

"నిద్రకే. పడుకునే ముందు ఒకటి వేసుకుంటే మోకాళ్ళ సలుపు తెలియదు. ఒక డబ్బా విజయవాడలోనే అయిపోయింది. ఇది నిన్న నీ దగ్గరికొచ్చాకే విప్పాను."

"ఇది గంజాయి."

అక్క నవ్వింది. "గంజాయి కాదే. హెంప్ అంటారు. జనపనార. గోనెసంచులకి వాడతారు చూడు, అలాంటిదే."

గోనెసంచుల మొక్క వేరు, ఇది వేరని చెప్పాను. హెంప్, గంజాయి ఒకటే మొక్క. మత్తు పదార్థం ఫలానా పాళ్ళకి మించకపోతే దాన్ని పంటగా లెక్క వేస్తారు వాళ్ళ దేశంలో. ఆ పంట నుంచే మత్తుని తీసి, కూర్చి, జెల్లీల్లో పోసి అమ్ముతారు. అక్కకి ఇదంతా నాకంటే బాగా తెలుసు.

"మా రాష్ట్రంలో ఎంత పద్ధతిగా అమ్ముతారో తెలుసా నీకు? ఇదివరకు పెట్రోలు బంకులో చూయింగ్‌గమ్ పక్కన ఉండేవి. ఇప్పుడు ఇరవయ్యొక్కేళ్ళు నిండినట్టు కార్డు చూపించాలి. డబ్బా మీద ల్యాబు రిపోర్టు ఉండాలి. పక్క రాష్ట్రంలో మొత్తానికే ఆపేశారు, పాపం వాళ్ళు మా వైపొచ్చి కొనుక్కెళ్తారు. అన్ని రూల్సున్న వస్తువుని పట్టుకుని గంజాయంటావేంటే."

"ఇక్కడ ఆ రూల్సేవీ లేవక్కా. ఎంతుందని అడగరు. ఉందా లేదా, అంతే."

"హైదరాబాదులో అడగలేదు. ఇక్కడ దిగినప్పుడూ ఎవరూ అడగలేదు."

ఎవరూ అడగలేదని ఆమె అంటోంది. నాకు మాత్రం ఇంకా అడగలేదని వినిపించింది. మా ఆయనకి ప్లాంటు గేటు దగ్గర చెప్పాపెట్టకుండా మూత్ర పరీక్షలు చేస్తారు. ఆయన ఇంట్లో ఉండి, తలనొప్పిగా ఉందంటే అక్క ప్రేమగా ఒకటి చేతిలో పెట్టి ఉండేది. కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

"టాయిలెట్లో పోసి నీళ్ళు కొట్టెయ్. డబ్బా మీద కాగితం పీకి ముక్కలు చెయ్. ఇప్పుడే."

"సరేలేవే. నువ్వు డ్యూటీకి వెళ్ళు, నేను చూసుకుంటా."

నాకు టైమైపోతోంది. వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే బాత్రూమ్‌లో డబ్బా లేదు. లేదు కాబట్టి పారేసిందనుకున్నాను. అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

శనివారం పొద్దున అక్క ప్రయాణం. ఆ పొద్దున్నే, నేను తమ్ముడూ అని పిలిచే మా డ్రైవర్ వచ్చాడు. మా డ్రైవర్ అంటే మాకు పనిచేసేవాడు కాదు. రాయచోటి దగ్గర పల్లె అతనిది. ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవరు. ఆ ఇంటి పెద్దావిడకి ప్రతి నెలా మందులు తీసుకెళ్ళడానికి నా కౌంటరుకి వస్తాడు. ఆరేళ్ళ పరిచయం. తెలుగు మాట వినడానికి అప్పుడప్పుడూ ఇంటికి వస్తాడు, నేనేదో ఒక కూర డబ్బాలో పెట్టిస్తాను. అక్క తెచ్చిన గోంగూర పచ్చడి ఒక సీసా అతనికని తీసిపెట్టాను, దానికోసం వచ్చాడు.

లిఫ్టు పనిచేయడం లేదు. అక్కవి రెండు పెద్ద సూట్‌కేసులు. "నాకిడువుమ్మా" అని అతను మూడంతస్తులు దింపాడు. నేను ముందే కిందికెళ్ళి పార్కింగ్ నుంచి కారు తెచ్చేసరికి అతను నడుము పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అక్క పక్కన నిలబడి ఏదో చెబుతోంది. నడుము గురించే అనుకున్నాను. ఎయిర్‌పోర్ట్ దగ్గర అక్క నన్ను గట్టిగా కావలించుకుంది. "నీ మాట విన్నానులే. నా బ్యాగులో ఏమీ లేదు" అంది. నేను సంతోషించాను.

ఆదివారం ఇక్కడ పనిదినం. పదింటికి కౌంటరులో జనం పల్చబడ్డాక ఫోను తీశాను. అక్క క్షేమంగా చేరానని వాయిస్ మెసేజ్ పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ప్రయాణం, సీటు, భోజనం, అన్నీ చెప్పి చివర్న అంది: "ఆ జెల్లీలు పారబుద్ధి కాలేదే. పాపం ఆ అబ్బాయి నా పెట్టెలు మోసి నడుము పట్టేసుకున్నాడు. వాడికిచ్చేశాను. నొప్పికి మందని చెప్పాను. నువ్వు బెంగపెట్టుకోకు, నాతో ఏమీ తీసుకెళ్ళలేదు."

రెండోసారి వినలేదు. వినాల్సిన అవసరం లేకపోయింది. అతనికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నాలుగోసారికి స్విచాఫ్ అని వచ్చింది. కడుపులో నొప్పిగా ఉందని కౌంటరులో చెప్పి బయటపడ్డాను.

ఉమ్ సలాల్ దారిలో నా కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. వెనక పోలీసు బండి కనిపిస్తే వేగం తగ్గించాను, అది దాటిపోయాక మళ్ళీ పెంచాను. నా దగ్గర ఏమీ లేదు. అయినా మళ్ళీ అద్దం చూశాను.

ఆ ఇల్లు నాకు తెలుసు. మందులు ఒకసారి నేనే తెచ్చిచ్చాను. పెద్ద ప్రహరీ, గేటు పక్కనే డ్రైవరు గది. నేను చేరేసరికి తెల్ల బండి గేటు బయట వంకరగా ఆగి ఉంది. ముందు బంపరు కింద కొత్త గీత. అతను స్టీరింగు ముందు తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ఒంట్లో బాగలేదమ్మా పొద్దున్నుంచి. తల దిమ్ముగా ఉండాది. సేతులు నావి కాదన్నట్టు ఉండాయి."

"మా అక్క ఇచ్చినవి తిన్నావా?"

"రాత్రి రొండు తింటి. నడుము నొప్పి యాడికి పోయిందో తెల్దు. పొద్దున లేసినాక ఒగటి. పిల్లోళ్ళను బడికాడ దింపను పోతా ఉంటే రోడ్డు దూరం దూరం జరిగినట్టు అనిపించింది. బండి గట్టుకు తగిలింది రొంత. పిల్లోళ్ళు బయపడినారు."

నేను అతని పక్కన వంగి, గొంతు తగ్గించి చెప్పాను. "అది మందు కాదు. గంజాయి."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. బండి దిగి, ప్రహరీ గోడకి వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు. నేనే అడిగాను.

"డబ్బా ఏదీ?"

"ల్యాదు. మా ఊరాయనకు ఇస్తి."

"ఎవరాయన?"

"పక్క మజరాలో పనిచేస్తాడు. ఈ పొద్దే ఊరికి పోతాండాడు, మూడేండ్లకు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు గదా, అమెరికా మందు అని సంచిలో పెట్టిచ్చినా. మూడు గంటలకు విమానం."

మజరా అంటే ఇక్కడ తోట. ఆ మనిషి అప్పటికే ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాడు. డ్రైవర్ ఫోను ఆన్ చేయించి ఆ మనిషి ఫోటో నా ఫోనుకి పంపించుకున్నాను. డ్రైవర్ తానూ వస్తానన్నాడు. వద్దన్నాను. "సాయంత్రం దాకా బండి ముట్టుకోకు. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"పిల్లోళ్ళను బడినుంచి తేవల్లమ్మా. తేకుంటే ఉద్యోగం పోతాది."

"తెస్తూ ఏదైనా జరిగితే?"

నేను బయల్దేరాను.

ఎయిర్‌పోర్ట్‌లో ఆ మనిషి చెక్-ఇన్ వరసలో పన్నెండోవాడు. ఫోటోలో కంటే నల్లగా, సన్నగా ఉన్నాడు. తాడుతో కట్టిన అట్టపెట్టె, ఒక పెద్ద సంచి, భుజానికి దుప్పటి మూట. మూడేళ్ళ తర్వాత ఇంటికెళ్ళే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. నేను పేరు పెట్టి పిలిచి పక్కకి రమ్మంటే అనుమానంగా చూశాడు.

"మీరెవురు? నా వరస పోతాది."

ఫోన్లో డ్రైవర్‌తో మాట్లాడించాను. ఏం చెప్పాడో గాని ఈయన మొహం పాలిపోయింది. సంచి లాక్కుంటూ స్తంభం వెనక్కి వచ్చాడు. జిప్పు తీశాడు. కొత్త చీర, పిల్లల బట్టలు, సబ్బులు, ఖర్జూరం పెట్టె. అడుగున లుంగీలో చుట్టి ఆ డబ్బా.

సరిగ్గా అప్పుడే ఒక సెక్యూరిటీ గార్డు మా వైపు వచ్చాడు. "క్యా హువా సిస్టర్? కోయీ ప్రాబ్లమ్?" అని అడిగాడు.

"బరువు ఎక్కువైంది, తగ్గిస్తున్నాం" అని హిందీలో చెప్పాను. అతను సంచిలోకి ఒకసారి చూసి, "యల్లా, జల్దీ" అని వెళ్ళిపోయాడు. డబ్బా అప్పటికే నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆ పెద్దమనిషి నాకు దండం పెట్టి, సంచి మూసుకుని వరసలోకి పోయాడు. నేను మాత్రం నేరం చేతిలో పట్టుకుని ఎయిర్‌పోర్ట్ మధ్యలో నిలబడ్డాను. పైన ఎటు చూసినా కెమెరాలు.

ఆడవాళ్ళ టాయిలెట్‌లో తలుపు వేసుకుని ఒక్కొక్కటీ వేసి నీళ్ళు కొట్టాను. బయట ఎవరో ఎదురుచూస్తున్నారు, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. కాగితం పీకి ముక్కలు చేసి అవీ వదిలి, ఖాళీ డబ్బా చెత్తబుట్టలో పడేశాను. జెల్లీలు వేస్తూ లెక్కపెట్టాను, అలవాటు అది, బిళ్ళలు లెక్కపెట్టే చెయ్యి. పందొమ్మిది.

డబ్బా మీద ముప్ఫై అని రాసుంది. అక్క నాలుగు రాత్రులు ఉంది, రోజుకొకటి. డ్రైవర్ మూడు తిన్నాడు. ఇరవై మూడు ఉండాలి. మళ్ళీ లెక్క వేసుకున్నాను. నాలుగు తక్కువ.

కారులోకి వచ్చి డ్రైవర్‌కి ఫోన్ చేశాను.

"ఇంకెవరికిచ్చావు?"

"ఏందమ్మా?" అన్నాడు.

"నాలుగు తక్కువున్నాయి. ఎవరికిచ్చావు?"

"పెద్దమ్మకు కూడా నడుము నొప్పి గదమ్మా" అన్నాడు చివరికి. "నిన్న సాయంత్రం వాకిట్లో కూసోని మూలగతా ఉన్నింది. రొండు ఇస్తి. ఇష్టంగా తినింది. ఇంగో రొండు దిండుకాడ పెట్టుకో, పొద్దున తిను అని సెప్తి. మంచికే ఇస్తినమ్మా."

పెద్దావిడ మందుల చీటీ నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, అన్నిటికీ పైన రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిళ్ళ. ఆ చివరిది ఎంత జాగ్రత్తగా వాడాలో ఆరేళ్ళుగా నేనే అతనికి చెప్పి పంపుతున్నాను. దాంతో ఏది కలిసినా రక్తం మరీ పల్చబడిపోవచ్చు. ఎనభై దాటిన మనిషి.

నిజం చెబితే అతను జైలుకి పోతాడు. ఎవరిచ్చారని అడుగుతారు. మా అడ్రసు, అక్క పేరు, నేను పారేసిన డబ్బా, కెమెరాలు. మా ఆయన ఉద్యోగం. చెప్పకపోతే ఆవిడ. కారు ఏసీ ఆన్ చేయడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాను.

చివరికి ఫార్మసీ రికార్డులో ఉన్న నంబరుకి చేశాను. ఆవిడ కూతురు ఎత్తింది. నాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది ఎప్పుడూ. పెద్దావిడ రక్తం పల్చబడే మందు మోతాదు గురించి ఒక అనుమానం వచ్చిందని చెప్పాను. "ఈ రోజు మీ అమ్మగారు మత్తుగా ఏమైనా ఉన్నారా?"

"పొద్దున్నుంచి లేవలేదు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటోంది. అలసట అనుకున్నాం. నీకెలా తెలుసు?"

"వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం ఎంత పల్చగా ఉందో ముందు చూడమని చెప్పండి."

అంతవరకే చెప్పాను. డాక్టర్లకి నిజంగా అక్కరకొచ్చే ఒక్క మాట మింగేశాను.

సాయంత్రం డ్రైవర్ ఫోన్ చేశాడు. పెద్దమ్మను ఆసుపత్రిలో చేర్చారని చెప్పాడు.

"ఎవరు నడిపారు బండి?"

"నేనేమ్మా. ఇంగెవురుండారు?"

పెద్దావిడ ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఒంట్లో నీరు తగ్గిందన్నారట, ఏదో ఇన్ఫెక్షన్ కావచ్చన్నారట. రక్తం ఉండాల్సిన దానికంటే బాగా పల్చబడిందని మందు మోతాదు మార్చారు. ఇంటికి తెచ్చారు గాని మునుపటిలా మాట్లాడడం లేదని డ్రైవర్ చెప్పాడు. దిండు దగ్గరివి తీయమంటే, ఆ గదిలోకి తనకి పోను వీల్లేదన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం ఫోన్లో ఆ సంగతి ఎత్తలేదు. ఫోన్లు చేసుకోవడమే తగ్గించాం.

మా ఆయన డ్యూటీలు ముగించుకుని వచ్చిన రోజు అంతా చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని విన్నాడు. "ఇంకెవరితోనూ అనకు. మీ అక్కతో కూడా" అన్నాడు. తర్వాత లేచి బాత్రూమ్‌కి వెళ్ళి, అక్క వాడిన సబ్బు, తువ్వాలు, దువ్వెన అన్నీ ఒక కవర్లో వేసి కిందికి తీసుకెళ్ళాడు. వాటిలో ఏముంటుందని నేను అడగలేదు.

ఆయన వద్దన్నా అక్కతో అన్నాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, "నేను షాపులో బిల్లు కట్టి కొన్నదే కదే" అంది. వాళ్ళ రాష్ట్రంలో కూడా ఇప్పుడు వాటిని ఆపేయాలా వద్దా అని వాదించుకుంటున్నారట. ఆపినా ఆపకపోయినా ఇక్కడ జరిగిందానికి తేడా ఏముంటుందో నాకు తెలియలేదు.

నెల తిరిగాక మందులకి డ్రైవర్ రాలేదు. కూతురే స్వయంగా వచ్చింది. నల్లటి అబాయా, చేతిలో ఫోను. నేను మందులు కవర్లో వేస్తుంటే ఫోను నా ముందు పెట్టింది. అందులో ఒక ఫోటో, అరచేతిలో నారింజ రంగు జెల్లీ ఒకటి. పంచదార కరిగి అంటుకుపోయింది.

"మా అమ్మ దిండు కింద దొరికింది. ఇది మీరు ఇచ్చే మందేనా?"

"కాదు."

"మరి ఏమిటి?"

"పిల్లల మిఠాయిలా ఉంది."

"మా పిల్లలూ అదే అన్నారు" అంది ఆవిడ, నా కళ్ళలోకి చూస్తూ. "మిఠాయి అన్నారు."

దిండు దగ్గర పెట్టుకోమని డ్రైవర్ రెండు ఇచ్చాడు. ఫోటోలో ఉన్నది ఒకటి. రెండోది ఏమైందని నేను అడగలేను. "పిల్లలు బాగున్నారా?" అని మాత్రం అడిగాను.

"అల్హమ్దులిల్లా" అంది. ఫోను తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. వెళ్ళబోతూ ఆగి, "డ్రైవర్‌ని పంపించేశాం. నమ్మకం పోయాక ఇంట్లో ఉంచుకోలేం" అంది.

అతను వారం తర్వాత రాయచోటి నుంచి ఫోన్ చేశాడు. వెనక మేకల అరుపులు వినిపిస్తున్నాయి. ఏదో పొలంలో నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు. ఒక పొద్దున పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి విమానమెక్కించారట. కారణం చెప్పలేదు, అతను అడగలేదు.

"వాళ్ళు బో అడిగినారమ్మా, యాడిదని. బక్కాలాలో కొన్నానని సెప్పినా. మీ పేరు తేలేదు. తేను కూడా."

బక్కాలా అంటే వీధి చివర కిరాణా కొట్టు. నడుము ఎలా ఉందని అడిగాను. నొప్పి తగ్గలేదన్నాడు. అక్కడి డాక్టరుకి చూపించుకొమ్మన్నాను. సరేనన్నాడు.

ఇప్పుడు ప్రతి నెలా ఆ కూతురే వస్తోంది. కొత్త డ్రైవరు బయట బండిలో కూర్చుంటాడు. ఎంత రద్దీగా ఉన్నా, పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా, నా ముందే నిలబడుతుంది. నేను బిళ్ళలు లెక్కపెడుతున్నంతసేపూ నా చేతుల వైపే చూస్తుంది. కవరు అందుకుని, లోపల ఉన్నవన్నీ ఒకసారి తీసి చూసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోతుంది.